అద్దె కాగితం చదివారా?
ఇల్లు ఇచ్చేవారికీ, ఇంట్లో ఉండేవారికీ తెలియవలసిన నాలుగు మాటలు

మనం అద్దె అంటాం. కొందరిళ్ళలో బాడుగ, మరికొందరిళ్ళలో కిరాయి. బెంగళూరు, బళ్ళారి వైపు అదే బాడిగె. హోసూరు, చెన్నై, కోయంబత్తూరులో వాడగై. షోలాపూరు, ముంబైలో భాడే. బరంపురం, జయపురం వైపు భడా. మాట ఎన్ని వేషాలు వేసినా నెల మొదట్లో చేతులు మారే డబ్బు మాత్రం ఒకటే.

మన పెద్దలు తరాల క్రితం ఈ ఊళ్ళకు వచ్చి స్థిరపడ్డారు. కొందరు ఇళ్ళు కట్టుకొని, పై అంతస్తు అద్దెకిచ్చే స్థితికి చేరారు. కొందరు ఇంకా అద్దె ఇంట్లోనే ఉన్నారు. పిల్లలు ఉద్యోగానికి వేరే నగరానికి వెళ్ళగానే మళ్ళీ అద్దె ఇల్లు వెతుక్కోవలసిందే. ఒక చేత్తో అద్దె పుచ్చుకొంటూ ఇంకో చేత్తో అద్దె కట్టే కుటుంబాలు మన సంఘంలో ఎన్నో ఉన్నాయి. అందుకే ఈ వ్యాసం ఇద్దరి కోసమూ వ్రాస్తున్నాను.

నేను హోసూరులో చాలా ఏళ్ళుగా న్యాయవాదిగా ఉన్నాను. సరిహద్దు ఊరు కావడం వల్ల నా బల్ల మీదికి రెండు రాష్ట్రాల కాగితాలు వస్తాయి. ఒకటి తమిళంలో, ఒకటి కన్నడంలో, మరొకటి ఇంగ్లీషులో. వాటి మీద సంతకాలు పెట్టినవారు ఇంట్లో తెలుగు మాట్లాడేవారు. "ఇందులో ఏముందో చదివారా?" అని అడిగితే, "బ్రోకరు చెప్పాడండీ" అంటారు. "అడ్వాన్సు ఇచ్చినట్టు రశీదు ఉందా?" అంటే, "మనవాళ్ళే కదండీ, ఎలా అడుగుతాం?" అంటారు. ఇల్లు ఇచ్చినవారిని అడిగినా అవే జవాబులు.

ఈ రెండు జవాబులే తరువాత కోర్టు మెట్లెక్కిస్తున్నాయి. నేను చూసిన అద్దె తగాదాల్లో నిజంగా మోసం చేయాలని మొదలుపెట్టినవారు తక్కువ. కాగితంలో ఏముందో ఇద్దరికీ తెలియక, ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకొని గొడవపడినవారే ఎక్కువ. ఇల్లు ఒకటే అయినా, కాగితంలో వ్రాసుకొన్నదాన్ని బట్టి హక్కులు మారిపోతాయి. ఆ మార్పు ఎలా వస్తుందో చెప్పడమే నా ఉద్దేశం.

1882 నాటి చట్టం

మనం ఉంటున్న రాష్ట్రాలన్నిటిలోనూ అద్దె వ్యవహారానికి పునాది ఒకటే. అది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. రాష్ట్రాలు తమ తమ అద్దె చట్టాలు చేసుకొన్నా, అవి పలకని చోట ఈ పాత చట్టమే పలుకుతుంది. అందులో ఇంటి అద్దెకు సంబంధించిన ముఖ్య విషయాలు ఇవి.

కాగితంలో గడువు వ్రాసుకోకపోతే, నివాసానికో దుకాణానికో ఇచ్చిన ఇల్లు నెల నెలా సాగే అద్దె కింద లెక్క. దాన్ని ముగించాలంటే ఇద్దరిలో ఎవరైనా సరే 15 రోజుల ముందు వ్రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. వ్యవసాయానికో, వస్తువులు తయారుచేసే పనికో ఇచ్చినదైతే ఏడాది ఏడాదీ సాగే లీజు అవుతుంది. దానికి ఆరు నెలల నోటీసు కావాలి. ఇవి కాగితం మౌనంగా ఉన్నప్పటి మాట. ఒక నెల అనో రెండు నెలలు అనో మీరు వ్రాసుకొంటే ఆ వ్రాతే చెల్లుతుంది.

ఇంటిని పుచ్చుకొన్నప్పటి స్థితిలోనే తిరిగి అప్పగించడం అద్దెకున్నవారి బాధ్యత. అయితే వాడుకలో సహజంగా వచ్చే అరుగుదలకు వారు బాధ్యులు కారు. గోడ రంగు వెలిసిపోవడం సహజం, తలుపు విరిగిపోవడం సహజం కాదు. బెంగళూరులో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు పేరిట ఒక నెల అద్దె పట్టుకోవడం మామూలైపోయింది. కాగితంలో అలా ఒప్పుకొని సంతకం పెట్టి ఉంటే ఇవ్వవలసిందే. ఒప్పుకోకపోతే అడిగే హక్కు మీకు ఉంది.

యజమాని చేయించవలసిన మరమ్మతు చేయించకపోతే, ముందు ఆయనకు తెలియజేయాలి. తగిన సమయంలో ఆయన పట్టించుకోకపోతే, అద్దెకున్నవారు తామే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. ముందుగా తెలియజేయడం ఇక్కడ ముఖ్యం. చెప్పకుండా చేయించి, నెలాఖరున బిల్లు చేతిలో పెడితే గొడవే మిగులుతుంది.

ఇల్లు అమ్ముడుపోతే అద్దె రద్దయిపోదు. కొన్నవారు పాత యజమాని స్థానంలోకి వస్తారు. కాని మీ అడ్వాన్సు పాత యజమాని దగ్గర ఉందా, కొత్త యజమానికి చేరిందా అన్నది ఆ వారంలోనే తేల్చుకొని, ఇద్దరి చేతా ఒక కాగితం మీద వ్రాయించుకోవాలి. ఆరు నెలలు పోయాక అడిగితే ఇద్దరూ ఒకరివైపు ఒకరు వేలు చూపిస్తారు.

పదకొండు నెలలే ఎందుకు?

అద్దె కాగితాలన్నీ 11 నెలలకే ఎందుకు వ్రాస్తారని చాలామంది అడుగుతారు. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించాలని 1882 చట్టమూ, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమూ చెబుతున్నాయి. రిజిస్ట్రేషన్ అంటే స్టాంపు ఖర్చు, ఫీజు, ఒక రోజు పని. ఆ ఖర్చు తప్పించుకోవడానికే 11 నెలల ఆచారం వచ్చింది. అంతకు మించి ఆ అంకెలో మహత్యమేమీ లేదు.

మూడేళ్ళకో ఐదేళ్ళకో ఒప్పుకొని, ఆ కాగితాన్ని రిజిస్టరు చేయించకుండా పెట్టెలో దాచుకొంటే మాత్రం చిక్కు. ఆ గడువును కోర్టులో నిలబెట్టుకోవడం కష్టం. మీరు ఇంట్లో ఉంటున్నారు, అద్దె కడుతున్నారు కనుక నెల నెలా సాగే అద్దెగా చూస్తారు. అంటే ఐదేళ్ళ ధీమాతో దుకాణానికి అలమరలు, అద్దాలు బిగించుకొన్నవారికి 15 రోజుల నోటీసు రావచ్చు. దుకాణం పెట్టుకొనేవారు ఈ ఒక్క ఖర్చు దగ్గర పిసినారితనం చేయకండి.

మరొక అపోహ. 11 నెలలు నిండిన మర్నాడే సామాను బయట పెట్టించవచ్చునని కొందరు యజమానులు అనుకొంటారు. అది కుదరదు. గడువు తీరినా, అద్దె బాకీపడినా, ఖాళీ చేయించే అధికారం కోర్టుది లేదా చట్టం ఏర్పరచిన అధికారిది. యజమాని తానే తాళం వేస్తే, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం కింద అద్దెకున్నవారు ఆరు నెలల లోపల దావా వేసి ఇంట్లో తిరిగి ప్రవేశించవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. చట్ట ప్రకారం కాకుండా వెళ్ళగొట్టారా లేదా అన్నదే చూస్తారు. కరెంటు, నీళ్ళు ఆపి పొమ్మనకుండా పొగబెట్టడాన్ని తమిళనాడు, మహారాష్ట్ర చట్టాలు సూటిగా నిషేధించాయి.

లీజు వేరు, లైసెన్సు వేరు

ఈ తేడా తెలియక నష్టపోయినవారు ఇరుపక్షాలా ఉన్నారు. లీజు ఇస్తే ఆ గడువు వరకు ఇంటిని అనుభవించే హక్కు అద్దెకున్నవారికి బదిలీ అవుతుంది. లైసెన్సు అంటే ఉండడానికి అనుమతి మాత్రమే. ఇల్లు చట్టరీత్యా యజమాని స్వాధీనంలోనే ఉన్నట్టు లెక్క. హాస్టల్ గదిలో ఉండడం లైసెన్సు లాంటిది. విడి ఇంటికి తాళం చెవి చేతికి తీసుకొని సొంతంగా కాపురముండడం సాధారణంగా లీజు.

కాగితం పైన "లైసెన్సు" అని పెద్ద అక్షరాలతో వ్రాసినంత మాత్రాన అది లైసెన్సు అయిపోదని సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది. లోపలి షరతులు ఏమంటున్నాయి, ఇంటి స్వాధీనం ఎవరిది అన్నవి చూసి నిర్ణయిస్తారు. అందుచేత మొదటి పుట చూసి సంతకం చేయకండి, చివరిదాకా చదవండి. మీకు రాని భాషలో ఉంటే, ఆ భాష వచ్చి, మీ మంచి కోరేవారి చేత చదివించుకోండి. బ్రోకరుకు తన కమీషన్ మీద దృష్టి ఉంటుంది, అది అతని తప్పు కాదు.

ఏ రాష్ట్రంలో ఏమిటి?

తమిళనాడులో ఉన్నవారికి: 1960 నాటి పాత అద్దె నియంత్రణ చట్టం పోయింది. 2017లో చేసిన కొత్త చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమలులోకి వచ్చింది. అద్దె ఒప్పందం వ్రాతపూర్వకంగా ఉండాలనీ, దాన్ని అద్దె అధికారి దగ్గర నమోదు చేసి నంబరు తీసుకోవాలనీ ఆ చట్టం చెబుతుంది. అడ్వాన్సుకు మూడు నెలల అద్దెను కొలతగా పెట్టింది. వ్రాతపూర్వక ఒప్పందం కుదరకపోవడాన్ని కూడా ఇల్లు ఖాళీ చేయించమని అడగడానికి ఒక కారణంగా చేర్చింది. కనుక "ఇరవై ఏళ్ళుగా నోటిమాట మీదే ఉన్నాం" అనే పాత కుటుంబాలు వెంటనే యజమానితో కూర్చొని కాగితం వ్రాసుకోవడం మంచిది.

కర్ణాటకలో ఉన్నవారికి: 1961 నాటి చట్టం స్థానంలో 1999 నాటి అద్దె చట్టం 2001 డిసెంబరు 31 నుంచి వచ్చింది. కాని దానికి ఒక హద్దు పెట్టారు. బెంగళూరు వంటి పెద్ద ఊళ్ళలో నెల అద్దె 3,500 రూపాయలు, ఇతర చోట్ల 2,000 రూపాయలు దాటితే ఆ చట్టం వర్తించదు. ఈ రోజుల్లో బెంగళూరులో 3,500కు ఒక గది కూడా దొరకడం కష్టం. అంటే అక్కడి మన కుటుంబాల్లో చాలామందికి రక్షణ 1882 చట్టమూ, చేతిలోని కాగితమూ మాత్రమే. కర్ణాటకలో కాగితం విలువ ఇంత ఎక్కువ కావడానికి కారణం ఇదే.

మహారాష్ట్రలో ఉన్నవారికి: అక్కడ 1947 నాటి బొంబాయి అద్దె చట్టం బదులు 1999 చట్టం 2000 మార్చి 31 నుంచి అమలైంది. కొత్తగా ఇళ్ళు ఇచ్చేవారు ఎక్కువగా లీవ్ అండ్ లైసెన్స్ పద్ధతిలో ఇస్తారు. ఎన్ని నెలలకైనా సరే ఆ ఒప్పందాన్ని వ్రాసి రిజిస్టరు చేయించాలి. ఆ బాధ్యత యజమానిది. చేయించకపోతే షరతుల విషయంలో అద్దెకున్నవారు చెప్పిన మాటే, అది తప్పని రుజువయ్యేదాకా, చెల్లుతుంది. పైగా యజమానికి శిక్ష కూడా ఉంది. మరోవైపు లైసెన్సు గడువు తీరాక కూడా ఖాళీ చేయనివారు రెట్టింపు సొమ్ము చెల్లించవలసి వస్తుంది. ఇరువైపులా గట్టిగా ఉన్న చట్టం అది.

కామాఠీపుర, వర్లీ వంటి చోట్ల పగిడీ గదుల్లో మూడు తరాలుగా ఉంటున్న మన కుటుంబాలది వేరే సంగతి. వారు లైసెన్సుదారులు కారు, పాత అద్దెదారులు. తాత పేరుతోనే ఇంకా రశీదు వస్తుంటే అశ్రద్ధ చేయకండి. అద్దెదారు చనిపోయినప్పుడు ఆ ఇంట్లో ఆయనతో కలిసి ఉంటున్న కుటుంబ సభ్యులకు హక్కు వస్తుందని చట్టం చెబుతుంది. అలా ఉంటున్నట్టు రేషన్ కార్డు, ఓటరు జాబితా, బడి కాగితం ఏదైనా చూపించాలి. పాత భవనం పడగొట్టి కొత్తది కట్టే రోజు వస్తే, ఆ ఒక్క రశీదు మీదే మీ గది నిలబడుతుంది. అన్నదమ్ములు ఐకమత్యంగా ఉన్నప్పుడే రశీదు ఎవరి పేరుకు మార్చాలో తేల్చుకోవాలి.

ఒడిశాలో ఉన్నవారు 1882 చట్టాన్ని పునాదిగా తెలుసుకొని ఉంచుకోవాలి. జయపురం, రాయగడ, గుణుపురం ప్రాంతాలవారికి ఇంకొక మాట. ఆ ప్రాంతం షెడ్యూల్డు ఏరియా. అక్కడ గిరిజనుల స్థలాన్ని గిరిజనేతరులు కొనడమే కాదు, లీజుకు తీసుకోవడమూ 1956 నాటి నిబంధన ప్రకారం చెల్లదు. ఆ చట్టం గిరిజనుల భూమి పరాధీనం కాకుండా కాపాడడానికి వచ్చింది, దాన్ని గౌరవించాలి. నోటిమాట లీజు మీద కొట్టో గోదామో కట్టుకొంటే అది ఇసుక మీద కట్టినట్టే. స్థలం ఎవరిదో రెవెన్యూ రికార్డులో చూసుకొన్నాకే ముందుకు వెళ్ళండి.

యానాంవారు పొలిమేర అవతలి ఆంధ్ర చట్టం తమకూ వర్తిస్తుందని పొరబడుతుంటారు. యానాం పుదుచ్చేరిలో భాగం. పుదుచ్చేరి 1969లోనే తన సొంత భవనాల అద్దె చట్టం చేసుకొంది. కాకినాడ చుట్టం చెప్పిన సలహా యానాం ఇంటికి సరిపోకపోవచ్చు.

కేంద్ర ప్రభుత్వం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం గురించి చాలామంది అడుగుతున్నారు. నివాసానికి రెండు నెలలు, ఇతర అవసరాలకు ఆరు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదని అందులో ఉంది. కాని అది నమూనా మాత్రమే. ఏ రాష్ట్రమైనా దాన్ని తన చట్టంగా చేసుకొంటేనే అక్కడ అమలవుతుంది. టీవీలో చూసి బెంగళూరు యజమానితో రెండు నెలల అడ్వాన్సు గురించి వాదిస్తే లాభం లేదు.

భోగ్యానికి ఇల్లు

ఇక నేను అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పదలచిన విషయం. బెంగళూరులోనూ, తమిళనాడులో చాలా చోట్లా నెల అద్దె లేకుండా ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి రెండు మూడేళ్ళు ఉండే పద్ధతి ఉంది. భోగ్యం అంటారు, ఒత్తి అంటారు, ఇప్పుడు అందరూ "లీజుకు తీసుకొన్నాం" అంటున్నారు. గడువు తీరాక మొత్తం సొమ్ము తిరిగి ఇస్తారు. నెల నెలా అద్దె మిగులుతుంది కదా అని మధ్యతరగతివారికి ఇది ఆకర్షణగా కనబడుతుంది.

మా ఊరి కుటుంబం ఒకటి ఇలాగే కొడుకు ఉద్యోగం కోసం బెంగళూరులో 8 లక్షలకు ఇల్లు తీసుకొంది. ఆ సొమ్ము తండ్రి తన వాటా పొలం అమ్మగా వచ్చింది. తక్కువ విలువ స్టాంపు కాగితం మీద కన్నడంలో ఒప్పందం. ఏడాది తిరక్కుండానే ఒక ఉదయం గేటుకు బ్యాంకు నోటీసు అంటించి ఉంది. యజమాని ఆ ఇంటి మీద ముందే అప్పు తీసుకొన్నాడు, వాయిదాలు కట్టలేదు. "మేం 8 లక్షలు ఇచ్చాం కదండీ, ఇల్లు మా చేతిలోనే ఉంది కదండీ" అని ఆ పెద్దాయన అడిగిన తీరు నాకు ఇంకా గుర్తుంది. ఆ యజమానిని వెంటాడి, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, విడతలుగా కొంత సొమ్ము రాబట్టగలిగాం. అంతా రాలేదు.

చట్టం ఏమంటుందో చూడండి. సొమ్ము అప్పుగా ఇచ్చి, వడ్డీకి బదులు ఇంటిని అనుభవించడాన్ని 1882 చట్టం స్వాధీన తాకట్టు కింద గుర్తిస్తుంది. కాని 100 రూపాయలు దాటిన అలాంటి తాకట్టుకు రిజిస్టరయిన దస్తావేజు, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. అప్పుడే ఇంటి మీద మీకు హక్కు. చేతిలో ఉన్నది రిజిస్టరు కాని 11 నెలల కాగితమైతే, మీ లక్షలు యజమానికి ఇచ్చిన చేబదులుతో సమానం. ఇల్లు బ్యాంకుకు ముందే తాకట్టులో ఉంటే బ్యాంకు మీకన్నా ముందు వరుసలో ఉంటుంది.

కనుక భోగ్యానికి తీసుకొనేవారు ముందు మూడు పనులు చేయాలి. మొదటిది, రిజిస్ట్రారు ఆఫీసులో ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీసుకోవాలి. రెండవది, పత్రాలు బ్యాంకులో పెట్టి తీసుకొన్న అప్పు కొన్నిసార్లు ఆ సర్టిఫికెట్‌లో కనబడదు కాబట్టి, ఇంటి అసలు పత్రాలు చూపించమనాలి. జిరాక్సు చూపించి "అసలువి లాకర్లో ఉన్నాయి" అంటే అనుమానించాలి. బ్యాంకుల తాకట్టులు నమోదయ్యే సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో కొద్ది ఫీజు కట్టి ఎవరైనా వెతికించుకోవచ్చు. మూడవది, దస్తావేజు రిజిస్టరు చేయించాలి. యజమాని రిజిస్ట్రేషనుకు ఒప్పుకోకపోతే ఆ ఇల్లు వదిలేసి నెల అద్దె ఇల్లే చూసుకోండి. అద్దె ఖర్చవుతుంది నిజమే, కాని పొలం అమ్మిన సొమ్ము పోదు.

మనవాళ్ళే కదా!

పరాయి ఊళ్ళో తెలుగు మాట వినబడితే ప్రాణం లేచివస్తుంది. ఇల్లు ఇవ్వడానికీ, తీసుకోవడానికీ ముందు మనవాళ్ళనే వెతుకుతాం. అందులో తప్పేమీ లేదు. ఆ చనువు వల్ల కాగితం అడగడానికి మొహమాటపడడమే చిక్కు.

ఇద్దరు మిత్రులు. ఒకరి ఇంట్లో మరొకరు పద్దెనిమిదేళ్ళు అద్దెకున్నారు. రెండు కుటుంబాలూ పండుగలు కలిసి చేసుకొనేవి. అడ్వాన్సు మూడు లక్షలు విడతలుగా ఇచ్చారు, కాగితం లేదు. యజమాని హఠాత్తుగా పోయారు. కొడుకులు దూరదేశం నుంచి వచ్చారు. "నాన్నగారు ఎప్పుడూ చెప్పలేదండీ" అన్నారు వాళ్ళు. "మీ నాన్న బతికుంటే ఈ మాట అననిచ్చేవాడా?" అని ఈయన కన్నీళ్ళు పెట్టుకొన్నారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని నాకు తెలుసు. కాని కోర్టుకు అది చాలదు. చివరికి పోయిన ఆయన పాత డైరీలో రెండు విడతల లెక్క దొరికింది కనుక ఆ మేరకు రాజీ కుదిరింది. సొమ్ము సంగతి తేలింది గాని, ఆ రెండు కుటుంబాలూ మళ్ళీ ఒక పంక్తిన కూర్చొని భోంచేయలేదు.

కాగితం అడగడం అపనమ్మకం కాదు. ఈ రోజు మాట ఇచ్చుకొన్న ఇద్దరూ రేపు లేకపోయినా, వారి పిల్లలకు ఆ మాట తెలియజేసేది కాగితమే. ఇల్లు ఇచ్చేవారు తామే ముందు "వ్రాసుకొందాం" అంటే ఎదుటివారికి మొహమాటం ఉండదు. పెద్దరికమంటే అదే.

ఈ మాటలు నమ్మకండి

"పన్నెండేళ్ళు ఒకే ఇంట్లో ఉంటే ఇల్లు వాళ్ళదైపోతుంది." చాలామంది యజమానులు ఈ భయంతోనే మంచి కుటుంబాన్ని కూడా రెండేళ్ళకే ఖాళీ చేయిస్తారు. అద్దెదారుగా ఇంట్లో ప్రవేశించినవారు, ఆ సంబంధం సాగినంతకాలం, యజమాని హక్కును కాదనలేరు. ఎన్నేళ్ళున్నా అద్దెదారు అద్దెదారే. అయితే నోటీసు ఇచ్చి అద్దె సంబంధం ముగించాక, అద్దె కూడా తీసుకోకుండా 12 ఏళ్ళు దావా వేయకుండా ఊరుకొంటే మాత్రం యజమాని హక్కుకే ముప్పు. జాగ్రత్త పడవలసింది అక్కడ.

"చివరి నెలలు అడ్వాన్సులో కోసుకోండి." చాలామంది అద్దెదారులు ఇలా చెప్పి అద్దె ఆపేస్తారు. కాగితంలో అలా లేకపోతే అది బాకీ కిందే లెక్క. తమిళనాడు చట్టంలో రెండు నెలల బాకీ ఖాళీ చేయించడానికి కారణం కాగలదు. యజమాని వ్రాతపూర్వకంగా ఒప్పుకొంటేనే కోత.

"ఇంటాయన అద్దె తీసుకోనన్నాడు, ఇక కట్టనక్కరలేదు." ఇది అన్నిటికన్నా ప్రమాదం. ఒకప్పుడు ఇలాంటప్పుడు మనియార్డరు పంపి, తిరిగివచ్చిన కాగితం దాచుకొనేవారు. ఇప్పుడు బ్యాంకు ద్వారా పంపండి. ఖాతా నంబరు ఇవ్వకపోతే స్పీడు పోస్టులో ఉత్తరం వ్రాసి, ఆ తరువాత ఎక్కడ జమ చేయాలో న్యాయవాదిని అడగండి. ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారని చూపించడమే మీకు రక్ష.

సొంత ఫ్లాటైనా లీజు కావచ్చు

ఫ్లాటు కొనుక్కొన్నాం, ఇక అద్దె గొడవ లేదనుకొనేవారికి ఒక మాట. కొన్ని చోట్ల ఫ్లాటు మీదైనా కింది భూమి లీజుది కావచ్చు. నవీ ముంబైలో సిడ్కో సంస్థ భూములను అమ్మకుండా దీర్ఘకాలపు లీజుకు ఇస్తూ వచ్చింది. ఒడిశా నగరాల్లోనూ ప్రభుత్వ లీజు స్థలాలున్నాయి. అలాంటి చోట కొనేముందు లీజు ఏ సంవత్సరం మొదలైంది, ఎన్నేళ్ళు మిగిలింది, అమ్మడానికి ఎవరి అనుమతి కావాలి, బదిలీ రుసుము ఎంత అని అడిగి తెలుసుకోండి. ఇరవై ఏళ్ళే మిగిలిన లీజుకూ, యాభై ఏళ్ళు మిగిలిన లీజుకూ ఒకే ధర ఇవ్వకూడదు. భూమి పూర్తి హక్కుతో ఉందా, లీజు మీద ఉందా అన్న ప్రశ్న ధర అడగడానికి ముందే అడగాలి.

సంతకానికి ముందు

చివరగా, ఇరుపక్షాలవారూ కత్తిరించి దాచుకోవడానికి వీలుగా కొన్ని సూచనలు:

1. కాగితంలో అద్దె, అడ్వాన్సు, గడువు, నోటీసు కాలం, ఏటా పెంపు, మరమ్మతులు ఎవరివి, నిర్వహణ ఖర్చు ఎవరిది అన్నవి అంకెలతో సహా ఉండాలి.

2. కాగితం మీకు రాని భాషలో ఉంటే చదివించుకొన్నాకే సంతకం చేయండి. ప్రతి పుటలోనూ సంతకాలు ఉండాలి. ఒక ప్రతి తప్పక మీ దగ్గర ఉండాలి.

3. అడ్వాన్సు, అద్దె బ్యాంకు ద్వారానే ఇవ్వండి, పుచ్చుకోండి. నగదు ఇస్తే ఆ రోజే రశీదు.

4. ఇంట్లో దిగే రోజు గోడలు, కుళాయిలు, తలుపులు, మీటరు అంకె ఫోటో తీసి ఇద్దరూ దాచుకోండి. ఖాళీ చేసే రోజు సగం వాదన తగ్గిపోతుంది.

5. ఇల్లు ఇస్తున్నవారు నిజంగా యజమానేనా, పన్ను రశీదు ఎవరి పేరుతో ఉంది చూడండి. యజమాని తరఫున వేరొకరు సంతకం చేస్తే ఆ అధికారపత్రం చూపించమనండి.

6. యజమాని గాని, అద్దెదారు గాని పోయినప్పుడు నెలలోపల కొత్త పేర్లతో కాగితం వ్రాసుకోండి. దుఃఖంలో ఈ మాట ఎత్తడం కష్టమే. ఆలస్యమైతే ఇంకా కష్టం.

7. నోటీసు వస్తే సొరుగులో పడేయకండి. జవాబు ఇవ్వడానికి ఇచ్చిన గడువు లోపలే ఎవరికైనా చూపించండి.

ఇక్కడ వ్రాసినవి మూల విషయాలు మాత్రమే. ప్రతి ఇంటి వ్యవహారంలోనూ ఏదో ఒక ప్రత్యేకత ఉంటుంది. పెద్ద సొమ్ము, దుకాణం, పాత పగిడీ గది, ప్రభుత్వ లీజు వంటివి ఉన్నప్పుడు మీ ఊరి న్యాయవాదికి కాగితం చూపించి సలహా తీసుకోండి. ఆ ఫీజు, తరువాత కోర్టులో పెట్టే ఖర్చులో ఒక మూలకు రాదు.

ఈ పుట మూసేలోగా ఒక పని చేయండి. మీ బీరువాలోంచి మీ అద్దె కాగితం బయటికి తీయండి. మీరు ఇచ్చిన ఇంటిదైనా సరే, ఉంటున్న ఇంటిదైనా సరే. గడువు ఎప్పుడు తీరిందో చూడండి, అడ్వాన్సు అంకె సరిగా ఉందో చూడండి. కాగితమే లేకపోతే, ఈ ఆదివారం ఇంటివారితో కాఫీకి కూర్చొని ఆ మాట కదపండి.